అన్నీ తెలిసిన నీటికోడి తల ఎందుకూపుతుంది?

ఒకప్పుడు నీటికోడి ఈదుతుంటే తల కదిలేది కాదు. నెత్తి మీద నిండు ముంత పెట్టినా చుక్క ఒలికేది కాదు, అంత నిలకడ. కింద కాళ్లు ఎంత తన్నుకుంటున్నా పైన మెడ మాత్రం దర్జాగా నిలబడి ఉండేది.

ఇప్పుడు చూడండి మా అవతారం! కాలు ఒకసారి తోస్తే తల ఒకసారి ఊగుతుంది. టుక్, టుక్, టుక్. మీ చెరువుల్లో ఉన్న మా చుట్టాలదీ ఇదే తంతు. నవ్వండి పిల్లలూ, నవ్వుకోండి. నేనూ నీటికోడినే, నాకూ నవ్వొస్తుంది.

మిగతా జంతువులు తాతముత్తాతల గొప్పలు చెప్పుకుంటాయి. సింహానికి జూలు కథ ఉంది. నెమలికి పింఛం కథ ఉంది. మాకు ఉన్నది ఈ ఊపుడు కథ ఒక్కటే. అందులో గొప్పేమీ లేదు, పరువు పోవడం మాత్రం బోలెడంత ఉంది. అయినా మా వంశం కథ కదా, నేను కాకపోతే ఎవరు చెబుతారు?

మెక్సికో అనే దేశంలో, కొండల మధ్య, ఓ పెద్ద సరస్సు ఉండేది. అక్కడ అజ్టెక్ జనం బతికేవాళ్లు. వాళ్లకి తినే నోళ్లు ఎక్కువ, దున్నే నేల తక్కువ. ఎటు చూసినా నీళ్లే. ఇంకొకళ్లయితే నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చునేవాళ్లు. వీళ్లు మాత్రం నీళ్లలోనే నేల తయారు చేసుకున్నారు.

ఎలాగంటారా? లోతు తక్కువగా ఉన్నచోట చుట్టూ కొయ్యలు పాతేవాళ్లు. కొయ్యల మధ్య జమ్ము అల్లి దడి కట్టేవాళ్లు. లోపల తుంగ ఒక వరస, బురద ఒక వరస, మళ్లీ తుంగ, మళ్లీ బురద. పేర్చగా పేర్చగా మడి నీళ్ల పైకి లేచేది. దాన్ని వాళ్లు చినాంపా అనేవాళ్లు. మనం నీటిమడి అనుకుందాం. మడికీ మడికీ మధ్య కాలువ. పొలానికి వెళ్లాలన్నా పడవే, పక్కింటికి వెళ్లాలన్నా పడవే.

ఆ కాలువల్లో మా ముత్తవ్వకి ముత్తవ్వ ఉండేది. పేరు అతోతో. ముక్కు మీద ఎర్రటి బొట్టు, ఒంటి నిండా నల్లటి నిగనిగ. ఆవిడ చేసే ఉద్యోగం ఏంటో తెలుసా? గైడు! ఆ ఉద్యోగం ఆవిడకి ఎవరూ ఇవ్వలేదు. ఆవిడే తీసుకుంది.

ప్రతి చలికాలం ఉత్తరం నుంచి బాతులు గుంపులు గుంపులుగా వలస వచ్చేవి. అంత దూరం ఎగిరొచ్చాక నాలుగు చోట్లు చూడాలని ఎవరికుండదు? అతోతో ముందు ఈదేది, బాతులు వెనక వరసగా ఈదేవి.

"రండి, రండి! వెనకబడకండి! తోకలు తాకించుకోకండి! ఇదిగో, కుడిపక్కన చూడండి. ఇది పపాన్ అవ్వ మడి. ఈ కాలువలన్నిటిలో ఇంత పనిమంతురాలు లేదు."

పపాన్ అవ్వ పడవలో నిలబడి, పొడుగాటి గడకి సంచి కట్టి, కాలువ అడుగునుంచి నల్లటి బురద తోడి మడి మీద పోస్తోంది.

"ఆవిడ అలా బురద తోడుతోందేం?" అని ఓ బాతు అడిగింది.

అతోతోకి తెలియదు. కానీ 'తెలియదు' అనే మాట ఆవిడ నోట ఎప్పుడూ రాలేదు. మెడ కాస్త నిక్కించి, "శుభ్రం ఎక్కువ ఆవిడకి. కాలువ ఊడుస్తోంది," అంది.

నిజం చెప్పాలంటే ఆ బురదే ఎరువు. అదే లేకపోతే మడిలో గడ్డి కూడా మొలవదు.

"గట్టు చుట్టూ సన్నగా, నిటారుగా ఆ చెట్లెందుకు?"

"అందానికి."

ఆ చెట్టుకి అహువెహోతే అని నోరు తిరగని పేరుంది. మనం గట్టుచెట్టు అందాం. దాని వేళ్లు నీళ్లలోకి దిగి, మడి కరిగిపోకుండా గట్టుని గుప్పిట్లో పట్టుకుంటాయి. అందానికట, అందానికి!

"మరి ఆ బురదని ముక్కలు ముక్కలుగా కోస్తోందేం?"

పపాన్ అవ్వ మడి అంచున మెత్తటి బురద పలచగా పరిచి, కాస్త ఆరనిచ్చి, కత్తితో నిలువుగా అడ్డంగా గీతలు కోస్తోంది, మిఠాయి కొట్టాయన పళ్లెంలో మైసూరుపాకు కోసినట్టు. ఒక్కో ముక్కలో వేలితో గుంట చేసి ఒక్కో గింజ పెడుతోంది. అది నారుమడి.

అతోతో ఒక్క క్షణం ఆలోచించి, "పండగకి," అంది.

"అమ్మో! బురద తింటారా?"

"కొంతమంది."

కొంతమంది తింటారట! ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు రెక్కల్లో ముఖం దాచుకోవాలనిపిస్తుంది. కానీ బాతులకేం తెలుసు? "అబ్బ, ఎంత తెలిసిన మనిషి!" అనుకుంటూ వెళ్లిపోయేవి. మనిషి కాదు, కోడి. అదీ పట్టించుకోలేదు ఎవరూ.

ఇలా కొన్నాళ్లు గడిచాయి. ఒక ఏడాది చలికాలం అయిపోయి, బాతులు ఇళ్లకి వెళ్లిపోయాయి. అతోతోకి వినేవాళ్లు లేక నాలుక దురదగా ఉంది. సరిగ్గా అప్పుడు ఓ చిన్న పడవలో మొగుడూ పెళ్లాం ఇద్దరు వచ్చారు. ఆవిడ పేరు షోకో, ఆయన పేరు తోచ్లి. దూరంగా కొండల్లో వానల్లేక వాళ్ల ఊరు ఎండిపోయిందట. సరస్సు పెద్దలు జాలిపడి, "ఆ మూల లోతు తక్కువ, మడి కట్టుకుని బతకండి," అని చోటు చూపించారు.

షోకో ఒళ్లో ఓ చిన్న సొరకాయ బుర్ర ఉంది. దాన్ని చంటిపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంది.

"అందులో ఏముంది?" అని అతోతో అడిగింది.

షోకో మూత తీసి చూపించింది. అడుగున గుప్పెడు మొక్కజొన్న గింజలు. మామూలువి కాదు, నీలం రంగువి.

"మా అవ్వ ఇచ్చింది," అంది షోకో. "ఆవిడకి వాళ్ల అవ్వ ఇచ్చింది. మా ఊళ్లో చేలన్నీ మాడిపోయాయి. ఈ రకం గింజలు ఇంకెక్కడా లేవు. అరవై మూడున్నాయి. ఇవి పోతే మా అవ్వ పంట లోకంలోంచే పోయినట్టు."

ఆ మాట అంటూ షోకో బుర్ర మూత గట్టిగా బిగించింది. మా అతోతో అది విని ఉండాల్సింది. వినలేదు. ఆవిడ అప్పటికే గొంతు సవరించుకుంటోంది.

"మేం కొండవాళ్లం," అన్నాడు తోచ్లి. "నీటిమడి కట్టడం మాకు చేతకాదు. ఇక్కడ పపాన్ అవ్వని అడగమన్నారు."

"అవ్వ లేదు. కూతురి పురిటికని అవతలి ఒడ్డుకి వెళ్లింది. వానలు మొదలయ్యాక గానీ రాదు. అయితే ఏం? నేనున్నానుగా!"

తోచ్లి పెళ్లాం చెవిలో, "కోడిని అడిగి మడి కట్టడమేంటే?" అన్నాడు.

"ఊరుకోవయ్యా, వినిపిస్తుంది. ఇక్కడే పుట్టి పెరిగింది. మనకన్నా నయం కదా," అంది షోకో.

"కోడిని కాదు, నీటికోడిని," అంది అతోతో. వినిపించింది మరి.

మర్నాటినుంచి పని మొదలైంది. వాళ్లిద్దరూ నడుంలోతు నీళ్లలో నిలబడి చాకిరీ చేస్తున్నారు. మా ముత్తవ్వ పడవ మూతి మీద ఎక్కి కూర్చుని హుకుములు జారీ చేస్తోంది. "కాస్త ఎడమకి! ఇంకాస్త! అబ్బే, అంత కాదు!" ఆవిడ కాలికి మట్టి అంటలేదు. ఆ పూట ఆవిడంత అలసిపోయినవాళ్లు కూడా లేరు, చెప్పీ చెప్పీ.

"అక్కా, చుట్టూ పాతడానికి ఏ కొయ్యలు కొట్టుకురమ్మంటావు?" అని షోకో అడిగింది.

"ఎండువి," అంది అతోతో తడుముకోకుండా. "ఒక్క ఆకు కూడా ఉండకూడదు. పపాన్ అవ్వ కొయ్యలకి ఆకులే ఉండవు. నేను కళ్లారా చూశాను."

కళ్లారా చూసిన మాట నిజమే. దూరంనుంచి చూసింది. అవ్వ గట్టుచెట్టు పచ్చి కొమ్మలు నరికి, ఆకులు దూసేసి, పాతేది. అవి నీళ్లలో వేళ్లు తన్ని, చెట్లయి కూర్చునేవి. దగ్గరికెళ్లి ఒక్కసారి ముక్కు ఆనించి ఉంటే పచ్చివాసన తెలిసేది. కానీ దగ్గరికెళితే అవ్వ, "ఎందుకొచ్చావే?" అంటుంది. "తెలుసుకుందామని" అని చెప్పాలి. మా ముత్తవ్వకి అది చిన్నతనం. గైడు వెళ్లి ఒకళ్లని అడగడమేంటి!

పాపం వాళ్లిద్దరూ ఒడ్డునంతా వెతికి, బాగా ఎండిన కొయ్యలు ఏరుకొచ్చి పాతారు. తుంగ పరిచారు, బురద పోశారు. నలభై రోజులకి మడి నీళ్ల పైకి లేచింది. షోకో దాని మీదకెక్కి రెండు కాళ్లతో తొక్కి చూసి, "నేల! ఇది మన నేలయ్యా!" అని ఏడ్చేసింది. తోచ్లి నవ్వాడు. అతోతో, "చెప్పానా!" అంది.

తర్వాత నారుమడి. బురద పలచగా పరిచి, ముక్కలు కోసి, ముక్కకో గింజ పెట్టారు. ఇదొక్కటీ మా ముత్తవ్వ సరిగ్గానే చెప్పింది, అవ్వ కోసిన ముక్కల్లోంచి మొలకలు రావడం తర్వాత చూసింది కాబట్టి. గాటు మాత్రం పైపైన గీయించింది, అడుగుదాకా దింపాలని ఆవిడకేం తెలుసు. వారం తిరిగేసరికి అరవై మూడు గింజలూ మొలిచాయి. రెండేసి ఆకులు విప్పుకుని, గాలికి కదులుతూ ఎంత ముద్దుగా ఉన్నాయో! షోకో పొద్దున లేవగానే వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి గానీ ముఖం కడుక్కునేది కాదు.

అప్పుడు వాన వచ్చింది.

మొదటి రోజు అందరికీ సంతోషమే. రెండో రోజూ వదల్లేదు. మూడో రోజు సరస్సు పొంగింది. కాలువల్లో నీళ్లు సుడులు తిరుగుతున్నాయి. పొద్దున్నే ఫట్‌మని శబ్దం వచ్చింది. మూలనున్న ఎండుకొయ్య నానిపోయి రెండుగా విరిగింది. దాని వెనకున్న బురద జారి నీళ్లలో పడింది.

"అక్కా! ఏంటిది?" అని షోకో కేక పెట్టింది.

"మామూలే," అంది అతోతో. "మడి నీళ్లు తాగుతోంది."

ఫట్! ఇంకో కొయ్య. ఫట్! ఫట్! దడి ఊడిపోయింది. మంచం మీదనుంచి దుప్పటి జారినట్టు ఆ పక్క నేల నేలంతా జారుతోంది. జారే వైపే నారుమడి ఉంది.

తోచ్లి నీళ్లలోకి దూకి, వీపు ఆనించి గట్టుని ఆపాడు. షోకో బోర్లా పడుకుని, నారు చుట్టూ చేతులు చాపి బురదని కౌగలించుకుంది. వాళ్లు కాస్త కదిలినా చాలు, మిగిలిన గట్టు కూడా కూలిపోతుంది.

"అక్కా, నువ్వు చెప్పినట్టే చేశాం కదా! ఇప్పుడేం చెయ్యాలి? మా అవ్వ గింజలు! ఇంకొక్కటి కూడా లేదు నా దగ్గర! చెప్పక్కా!"

అతోతో ముక్కు తెరిచింది. ఆవిడ నాలుక చివర మూడు అబద్ధాలు సిద్ధంగా ఉన్నాయి. ఎప్పుడూ ఉంటాయి. కానీ షోకో ముఖం చూసింది. కళ్లలోకి బురదనీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా, ఈ కోడి ఏం చెబుతుందా అని చూస్తోంది. మా ముత్తవ్వకి తల కొట్టేసినట్టయింది. సిగ్గుతో ఎర్రబొట్టు నల్లబడిందట.

"నాకు తెలియదు," అంది.

చిన్న మాటే కదా? అది బయటికి రావడానికి ఆవిడ గొంతులో ముల్లు ఇరుక్కున్నంత పనైంది.

"కొయ్యల సంగతీ తెలియదు. నీళ్ల సంగతీ తెలియదు. ఊరికే చెప్పేశాను," అంది మళ్లీ.

వాళ్లు తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. తోచ్లి పళ్లు బిగబట్టి గట్టుని ఆపుతూ, "మరెవరికి తెలుసు?" అన్నాడు.

"పపాన్ అవ్వకి."

"అయితే కూర్చున్నావేంటి తల్లీ? మేం చెయ్యి తీస్తే గట్టు పోతుంది. నువ్వెళ్లి అడిగిరా!"

అతోతో నీళ్లలోకి దూకింది. మా జాతి ఎగరడం గురించి గొప్పగా చెప్పుకోకపోవడమే మంచిది. పైగా వానలో రెక్కలు తడిసిపోయాయి. కాబట్టి ఈదింది. సరస్సుకి అడ్డంగా, అలల మీద లేస్తూ పడుతూ, మధ్యలో రెండు గుటకలు నీళ్లు కూడా మింగుతూ అవతలి ఒడ్డు చేరింది.

పపాన్ అవ్వ కూతురింటి చూరు కింద నీళ్లు కాస్తోంది. లోపల కూతురికి నొప్పులు వస్తున్నాయి.

అవ్వ కళ్లు చిట్లించి చూసింది. "ఏమే, నువ్వు గైడమ్మవి కదూ? నా నారుమడి బురద పండగకి తింటారని బాతులకి చెప్పింది నువ్వేనా?"

చూశారా, మన మాట మనకన్నా ముందే ఊళ్లన్నీ తిరిగొస్తుంది. అతోతో తల వంచుకుని జరిగిందంతా చెప్పింది, ఎండుకొయ్యల దగ్గర్నుంచి, ఒక్కటీ దాచకుండా.

"అవ్వా, నాకు తెలియదు. చెప్పు," అంది చివరికి.

అవ్వ కోప్పడబోయి ఆగింది. "అరవై మూడు గింజలేనా? ఇంకెక్కడా లేవా?" అంది.

"లేవవ్వా."

"నా పిల్లని ఈ స్థితిలో వదిలి నేను రాలేను. చెబుతా, చెవులొగ్గి విను. మొదటిది, మడి పోతే పోనీ, నారుని పట్టుకోండి. నేల మళ్లీ కట్టుకోవచ్చు. రెండోది, ముక్కల గాటు అడుగుదాకా దింపండి. మూడోది, ఆకు పట్టి లాగొద్దు, కింద అరచెయ్యి పెట్టి ముక్కని ముక్కలాగే ఎత్తండి. ప్రతి మొలకకీ దాని మట్టి దానితోనే ఉంటుంది, ముక్కలు కోసేది అందుకే. నాలుగోది, పడవలో తడి తుంగ పరిచి దాని మీద పెట్టండి. ఐదోది, ముక్క పక్కనే ముక్క ఆనించండి, సందు ఉంచొద్దు. సందుంటే విడిపోతాయి. ఏదీ, తిరిగి చెప్పు."

"మొదటిది, నారుని పట్టుకో. రెండోది, గాటు. మూడోది..." అతోతో ఆగిపోయింది. "మూడోది తుంగ కదూ?"

"నీది బుర్రా, చిల్లుల గంపా?"

మా జాతి జ్ఞాపకశక్తి అంతే మరి. గూడు ఎక్కడ కట్టామో వెతుక్కునే రకం. ఇన్నాళ్లూ సొంతంగా కల్పించి చెప్పేవాళ్లకి గుర్తుపెట్టుకునే పనేముంది?

"పాటలు మేమెలా నేర్చుకుంటామో తెలుసా?" అంది అవ్వ. "మాటకోసారి తలాడిస్తాం. కాలు ఒకసారి తొయ్యి, తల ఒకసారి ఊపు, మాట ఒకటి అనుకో. దారి పొడుగునా ఆపకు. తల ఆగిందా, మాట పోయినట్టే. వెళ్లు!"

అతోతో బయల్దేరింది. నారు పట్టు, టుక్. గాటు అడుగుకి, టుక్. అరచెయ్యి కింద, టుక్. తడి తుంగ, టుక్. సందు వద్దు, టుక్. మళ్లీ మొదటినుంచి. దర్జాగా నిలబెట్టిన మెడ కాస్తా ఇప్పుడు ఇలా ఊగుతోంది.

సగం దూరంలో ఓ తెల్లకొంగ పిల్లల్ని వెంటేసుకుని ఎదురైంది. "అదుగో గైడమ్మ! అమ్మా, అమ్మా, ఆ మబ్బులు అంత నల్లగా ఉన్నాయేం? మా పిల్లలు అడుగుతున్నారు."

అబ్బ! ఎంత మంచి ప్రశ్న! అతోతో నాలుక మీద జవాబు ఎగిరెగిరి పడింది. 'మసి అంటుకుంది' అనేసి ఉండేదే. కానీ నోరు తెరిస్తే పాఠం పోతుంది. కళ్లు మూసుకుని తల ఊపింది. టుక్.

"అంటే వాన ఇంకా పెరుగుతుందా?"

టుక్.

"అయితే గూటికి వెళ్లిపోమంటారా?"

టుక్, టుక్.

"చూశారా పిల్లలూ, ఎంత తెలిసినవాళ్లైతే అంత తక్కువ మాట్లాడతారు," అంది కొంగ. పిల్లల్ని తీసుకుని నమ్మకంగా వెళ్లిపోయింది. మా ముత్తవ్వకి జీవితంలో దొరికిన అతి పెద్ద మెప్పు అదే. అది కూడా నోరు మూసుకున్నందుకు.

తిరిగొచ్చేసరికి మడి సగం లేదు. తోచ్లి మెడలోతు నీళ్లలో ఉన్నాడు. షోకో మోచేతులు చీరుకుపోయాయి. అయినా కదల్లేదు.

అతోతో ఒగరుస్తూనే, "మడి వదిలెయ్యండి! నారు పట్టండి!" అని అరిచింది. టుక్. "గాటు అడుగుదాకా!" టుక్. "ఆకు లాగొద్దు, అరచెయ్యి కింద!" టుక్. "పడవలో తడి తుంగ!" టుక్.

షోకో ఒక్క గెంతులో లేచి కత్తి దింపింది. తోచ్లి పడవని గట్టుకి లాగి తుంగ పరిచాడు. ఒక్కో ముక్క కింద చెయ్యి పెట్టి షోకో ఎత్తుతోంది, ఆయన అందుకుని పడవలో పెడుతున్నాడు. పది. ఇరవై. కాలి కింద నేల జారుతూనే ఉంది.

కానీ పడవ ఊగినప్పుడల్లా ముక్కలు అటూ ఇటూ జారి, అంచులు విడిపోతున్నాయి. ఒకటి విడిపోయి మొలక వాలిపోయింది.

"విడిపోతున్నాయక్కా! ఇంకేమైనా చెప్పిందా అవ్వ?"

చెప్పింది. ఐదోది చెప్పింది. ఏమని చెప్పింది? అతోతో బుర్ర ఖాళీ. పడవ మీదకెక్కగానే కాలు ఆగింది, కాలుతోపాటు తల ఆగింది, పాఠం ఎగిరిపోయింది. మళ్లీ నీళ్లలోకి దూకి, పడవ చుట్టూ ఈదుతూ మొదటినుంచి అందుకుంది. నారు పట్టు, టుక్. గాటు, టుక్. అరచెయ్యి, టుక్. తుంగ, టుక్. ఆపకుండా ఇంకోసారి తల ఊపేసింది. టుక్! ఆ ఊపుకి మాట తనంతట తనే బయటపడింది.

"సందు వద్దు! ముక్క పక్కనే ముక్క! ఆనించండి!"

తోచ్లి గబగబా ముక్కలన్నీ దగ్గరికి జరిపాడు. ఇక పడవ ఊగినా అవి ఊగలేదు, ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాయి. నలభై. యాభై. నేల ఇక ఆగదని షోకో మిగిలినవన్నీ కలిపి ఎత్తబోయింది. అంతలో కింద నేల ముక్క మొత్తం విరిగింది. ఆవిడ చేతుల్లోంచి ముక్కలు జారి కాలువలో పడ్డాయి. షోకో కూడా పడింది. తోచ్లి ఆవిడ జుట్టు పట్టుకుని పడవలోకి లాగాడు.

అతోతో నీళ్లలోకి మునిగింది. ఒక ముక్క కిందకి దిగిపోతూ కనిపించింది, రెండాకులూ పైకి చాపి. ముక్కుతో అందుకోబోయింది. బురద కరిగిపోయింది. మళ్లీ మునిగింది. మళ్లీ. ఒక్కటీ దొరకలేదు. పైకొచ్చి, వానలో, గట్టిగా ఏడ్చింది.

వాన వెలిశాక లెక్కపెట్టారు. యాభై నాలుగు మొలకలు బతికాయి. తొమ్మిది పోయాయి. షోకో అతోతోని ఒళ్లోకి తీసుకుని, రెక్కలు తుడిచి, "యాభై నాలుగు చాలక్కా. పంట నిలబడుతుంది," అంది. తప్పంతా ఎవరిదో తెలిసీ అలా అంది. అందుకే మా ముత్తవ్వ ఇంకా ఏడ్చింది.

నాలుగు రోజులకి పపాన్ అవ్వ మనవరాలు పుట్టిందన్న కబురుతో వచ్చింది. రాగానే గట్టుచెట్టు కొమ్మ ఒకటి విరిచి, ఆకులు దూసి, అతోతో ముక్కు దగ్గర పెట్టింది.

"వాసన చూడవే."

"పచ్చిగా ఉందవ్వా."

"అదే. ఇది కొయ్య కాదు, బతికున్న చెట్టు. ఇది పాతితే నేలని పట్టుకుంటుంది. ఎండుది దేన్ని పట్టుకుంటుంది?"

అందరూ కలిసి మళ్లీ మడి కట్టారు. ఈసారి అతోతో పడవ మూతి మీద కూర్చోలేదు. ముక్కుతో తుంగ మోసింది. మోసింది కొంచెమే అనుకోండి, ముక్కు ఎంత గనక. నెల తిరక్కుండానే కొయ్యలు చిగుర్లు వేశాయి. పడవలో పెరిగిన యాభై నాలుగు మొక్కలూ మడిలోకి మారాయి. కోతల నాటికి నీలం కంకులతో పడవ నిండింది. షోకో ముందుగా తీసింది విత్తనాలకే. అతోతోకి ఒక్క గింజ కూడా పెట్టలేదనుకునేరు, ఒక కంకి మొత్తం పెట్టింది.

చలికాలం వచ్చింది, బాతులు దిగాయి. "గైడమ్మా! గట్టు చుట్టూ ఆ చెట్లు అందానికే కదూ?"

"కాదు. పోయినేడు మీకు తప్పు చెప్పాను. వేళ్లతో గట్టుని పట్టుకోడానికి. బురద కూడా ఎవరూ తినరు."

"మరి ఆ పూలు పసుపుగా ఎందుకుంటాయి?"

"తెలియదు. పదండి, అవ్వని అడుగుదాం."

బాతులు ముఖముఖాలు చూసుకున్నాయి. కొన్ని వేరే గైడు కోసం వెళ్లిపోయాయి కూడా. మిగిలినవి ఆవిడ వెంట ఈదాయి. ఆవిడ ముందు ఈదుతూ, కాలు తోసినప్పుడల్లా తల ఊపుతూనే ఉంది. పాఠం పోతుందేమోనని ఆవిడకి భయం. ఆ భయంతో ఇక ఆపలేదు. పిల్లలు పుట్టాక వాటికి పురుగు పట్టడం నేర్పకముందే ఇది నేర్పింది.

అప్పటినుంచే మేం నీటికోళ్లం ఏ నీళ్లలో ఈదినా ఇలా తల ఊపుతూ ఈదుతాం. గట్టు మీదనుంచి మీరు చూసి, "అబ్బో, అన్నిటికీ ఔనౌనంటోంది, ఈ పిట్టకి తెలియనిది లేదు," అనుకుంటారు. కాదు నాయనా. షోకో చేతుల్లోంచి జారిపోయిన ఆ తొమ్మిది మొలకలు మాకు ఇంకా గుర్తున్నాయి. మాకు తెలిసింది కొంచెమే, అదైనా మరిచిపోకూడదని లోపల్లోపలే వల్లె వేసుకుంటున్నాం.